డాక్టరుగారి చీటీ: వివరం వేరు, ఆజ్ఞ వేరు

పోయిన నెల చీటీ చదివి ఒక మిత్రుడు ఫోను చేశాడు. "ఎప్పుడూ బి.పి., కొలెస్టరాలేనా? మొన్న పిల్లవాడికి జ్వరమొస్తే మా ఆవిడ ఆస్పత్రికి ఫోను చేసి ఇంగ్లీషులో అంతా చెప్పింది. అవతలివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. దానికేదైనా మందుంటే రాయి" అన్నాడు. మందు ఉంది. అయితే ఆ జబ్బు మొదట నాకే వచ్చింది గనుక ముందు నా కథ చెప్పుకోవడం న్యాయం.

ఈ దేశం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. రాత్రి పదకొండింటికి వార్డునుంచి ఫోను వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషను ఉన్న ఒక పెద్దాయన, షుగరు రోగి. అర్ధరాత్రినుంచి ఏమీ తినకూడదు. ఫోను చేసిన నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి, మంచి పనిమంతురాలు. ఇన్సులిన్ సంగతేమిటని అడిగింది. నేను నిద్రమత్తులో, "హీ ఈజ్ టేకింగ్ ట్వెంటీ యూనిట్స్ ఎట్ నైట్. ఐ విల్ సీ" అన్నాను.

నా మనసులో ఉన్నది ఇదీ: ఆయన ఇంటిదగ్గర రోజూ రాత్రి ఇరవై యూనిట్లు తీసుకుంటున్నాడు, నేను వచ్చి చూసి ఇవాళ ఎంత ఇవ్వాలో చెబుతాను. ఆ అమ్మాయికి వినబడింది వేరు: ఈ రాత్రి ఇరవై ఇవ్వాలి, డాక్టరు తరువాత వచ్చి చూస్తాడు. ఇచ్చేసింది. ఈలోగా నన్ను ఎమర్జెన్సీకి పిలిచారు. రెండున్నరకి పెద్దాయనకి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. షుగరు ఇక్కడి లెక్కలో 2.4, మన ఊరి లెక్కలో 43. గ్లూకోజు ఎక్కించాం. తెల్లవారేసరికి తేరుకున్నాడు. ఆపరేషను ఒకరోజు వెనక్కి పోయింది. ఆయన కొడుకు నా చేతులు రెండూ పట్టుకుని "షుక్రన్, డాక్టర్" అంటూ ఉంటే నేను తలెత్తలేకపోయాను.

తప్పెక్కడ జరిగిందో తరువాత తీరిగ్గా ఆలోచించాను. తెలుగులో "తీసుకుంటున్నాడు" అన్న ఒక్క మాటతో రోజూ చేసే పనీ చెబుతాం, ఇప్పుడు జరుగుతున్నదీ చెబుతాం. అదే మాటని ఇంగ్లీషులోకి దింపి "ఈజ్ టేకింగ్" అన్నాను. ఇంగ్లీషులో దానికి, ఈ రాత్రికి ఏర్పాటైన పని అన్న అర్థం కూడా వస్తుంది. "ఎట్ హోమ్ హీ టేక్స్ ట్వెంటీ. టునైట్ డోంట్ గివ్ ఎనీ అంటిల్ ఐ సీ హిమ్" అని ఉంటే గొడవే లేదు. మొదటి వాక్యం వివరం, రెండోది ఆజ్ఞ. నేను ఆజ్ఞ ఇవ్వకుండా వివరం ఒక్కటే చెప్పి ఫోను పెట్టేశాను. వివరమే ఆజ్ఞ అయి కూర్చుంది.

ఇది మన తెలుగువాళ్ళ జబ్బే అనుకోకండి. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫెలో, మంచు కమ్మిన రన్‌వేమీద రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది పోయారు. డచ్చి విమానంనుంచి "వియార్ నౌ ఎట్ టేకాఫ్" అన్న మాట వచ్చింది. విమానం అప్పటికే పరుగు మొదలెట్టింది. కంట్రోల్ టవర్లోని స్పానిష్ అతను, వీళ్ళు టేకాఫ్ చోట నిలబడి ఉన్నారని అనుకున్నాడు. డచ్చి భాషలో చేస్తున్న పనిని చెప్పే పద్ధతి ఇంగ్లీషులోకి జారిందని భాషావేత్తలు కొందరంటారు. ఆ తరువాత విమానాల రేడియోలో కట్టుబాటు పెట్టారు: పైకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప టేకాఫ్ అన్న మాట వాడకూడదు.

మనకి ఇంకా దగ్గరిది 1996 నవంబరు 12. ఢిల్లీనుంచి దహ్రాన్ బయల్దేరిన సౌదియా విమానం 14,000 అడుగుల దాకా ఎక్కవచ్చునని అనుమతి. ఎదురుగా దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000 దగ్గర ఆగమని ఆజ్ఞ. వాళ్ళు ఆగలేదు, ఇంకా కిందికి దిగారు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సౌదియా విమానంలో ఎక్కువమంది ఈ దేశానికి పనికి వస్తున్న మనవాళ్ళే. జస్టిస్ లాహోటీ విచారణలో తప్పు దిగివచ్చిన విమానానిదని తేలింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడమూ చర్చకు వచ్చింది. ఆ గాలిలో రెండు అంకెలున్నాయి. 15 తమకిచ్చిన ఆజ్ఞ, 14 ఎదుటివాడి వివరం. 2003లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకూ కంట్రోలర్లకూ ఇంగ్లీషు ఎంత వచ్చి ఉండాలో నిబంధనలు పెట్టడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం.

ఇక మిత్రుడి ఇంటి సంగతికి వద్దాం. వాళ్ళావిడ చెప్పినది ఇది: "బేబీకి ఫ్రమ్ టూ డేస్ ఫీవర్ కమింగ్, హండ్రెడ్ అండ్ టూ, మోషన్స్ గోయింగ్, అవర్ హౌస్ పెట్రోల్ బంక్ బ్యాక్ సైడ్." మనకి బ్రహ్మాండంగా అర్థమైంది. అవతల ఉన్నది ఈజిప్టు మనిషో, సూడాన్ మనిషో. ఫారెన్‌హీట్ ఎరగడు, బంక్ అంటే ఎరగడు, మోషన్ అంటే కదలిక అనుకుంటాడు. ఆమె చదువుకు వంక పెట్టకండి, నాలాంటి ఎం.బి.బి.ఎస్.గాడే బోల్తా పడ్డాడు.

కాగితంమీద ఇలా రాసి ఫోను పక్కన అంటించుకోండి. "మై సన్ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డ్. హీ హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్. నౌ థర్టీ నైన్ సెల్సియస్. హీ హాజ్ డయేరియా, సిక్స్ టైమ్స్ సిన్స్ దిస్ మార్నింగ్." అన్నీ పొట్టి వాక్యాలు, ఒక్కోదానిలో ఒక్కో సంగతి. ఆ కిందనే మీ నేషనల్ అడ్రసు, అందులో నాలుగక్షరాలు నాలుగంకెలున్న పొట్టి అడ్రసు పెద్ద అక్షరాలతో రాసుకోండి. అంబులెన్సు కావాలంటే రెడ్ క్రెసెంట్ 997, సలహా కావాలంటే ఆరోగ్యశాఖవారి 937.

డాక్టరు చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. "ఆదివారం దాకా వాడండి" అన్నదానికి "అంటిల్ సండే" అంటే ఆదివారం వెయ్యాలా, మానాలా? "లాస్ట్ డోస్ సండే నైట్" అని చెప్పించుకోండి. "ట్వైస్ డైలీ" అంటే రంజాన్‌లో ఉపవాసం ఉండే మనిషి ఇఫ్తారుకొకటి, సహరీకొకటి వేసుకోవచ్చు. "ఎవ్రీ ట్వెల్వ్ అవర్స్" మందైతే అది కుదరదు. మన భాషలో "పూటకొకటి" అన్నా ఇదే చిక్కు: రెండు పూటలా, మూడా?

అన్నిటికన్నా ముఖ్యం, విన్నది తిరిగి అప్పజెప్పడం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, మందు దగ్గర వినేవాడే పెద్ద. డాక్టరు తొందరలో ఉన్నాడని "ఓకే, ఓకే" అంటూ తలూపి రాకండి. "సో, ఐ గివ్ ఫైవ్ ఎంఎల్ ఎట్ ఎయిట్ అండ్ ఎట్ ఎయిట్, ఫర్ ఫైవ్ డేస్, ఈజ్ దట్ రైట్?" అనండి. ఆ మాటకి విసుక్కునే డాక్టరుంటే ఆయన్ని మార్చుకోవచ్చు, పిల్లవాణ్ణి మార్చుకోలేం.

ఆ నర్సు తరువాత మూడేళ్ళు మా వార్డులోనే పనిచేసింది. నేను ఫోనులో ఏం చెప్పినా, "ఈజ్ దట్ ఎన్ ఆర్డర్, డాక్టర్?" అని అడిగేది. మొదట్లో ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకునేది. పోను పోను, ఆమె అడిగిందాకా ఫోను పెట్టబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు కొత్త నర్సులొస్తే నేనే అడగమంటున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి తికమకలు జరిగి ఉంటే రాసి పంపండి. పేర్లు లేకుండా వచ్చే చీటీలో పంచుకుందాం.