వరి శాస్త్రవేత్తకు మార్కులు వేసేదెలా?

మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029ని రైతులు స్వర్ణ అంటారు. అది గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 మనకు సాంబ మసూరి, తమిళనాడులో ఆంధ్రా పొన్ని. ఈ రెండు వంగడాలనూ తయారుచేసిన వాళ్లు ఇవాళ్టి పదోన్నతి కమిటీ ముందుకు వస్తే నెగ్గుతారా అన్నది నా బెంగ.

ఉద్యోగ జీవితమంతా వరి సంకరాలు చేసి రిటైరైన మనిషిని. ఆ మధ్య ఒక ఎంపిక కమిటీలో కూర్చున్నాను. ఎదురుగా ఒక యువ బ్రీడర్. ఆమె రూపొందించిన వరుస, అంటే ఇంకా విడుదల కాని రకం ఒకటి, అప్పటికే మినీకిట్‌గా, పరీక్ష కోసం పంచే చిన్న విత్తన సంచిగా, రైతుల పొలాల్లో ఉంది. మొదటి ప్రశ్నే, ‘‘హెచ్ ఇండెక్స్ ఎంతమ్మా?’’ ఆమె చిన్న అంకె చెప్పింది. ఆ వరుస సంగతి నేను అడిగాను, చక్కగా చెప్పింది కూడా. కానీ మార్కుల పట్టికలో దానికి గడి లేదు.

హెచ్ ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. మీ పత్రాల్లో పదింటిని, ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు ఇతరులు ఉటంకిస్తే మీ ఇండెక్స్ 10. బ్రీడర్ పని ఆ లెక్కలో ఇమడదు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే పూలున్న కంకిని ఎంచుకోవాలి. ఒక్కో పువ్వు కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాల్లో ఒక్కటీ మిగలకుండా ఫోర్సెప్స్‌తో తీసేయాలి. చెయ్యి కాస్త వణికిందా, అండాశయం చితికిపోతుంది. బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు పొద్దెక్కాక మగ రకం కంకి తెచ్చి పుప్పొడి దులపాలి. దక్కిన ఆ కాసిని గింజల నుంచి ఆరేడు తరాలు, మడిలో మొక్క మొక్కా చూసి ఏరితే గానీ వరుస నిలకడకు రాదు. ఆ తర్వాత ట్రయల్స్, మినీకిట్లు. వంగడం విడుదలయ్యేసరికి పదేళ్లు దాటడం మామూలే. దాన్ని వాడుకునేది రైతులు. వాళ్లు పత్రాలు రాయరు, సైటేషన్లు ఇవ్వరు.

పత్రాలు తక్కువవని నేననను. ముంపును తట్టుకునే సబ్1ఏ జన్యువు మీద 2006లో ‘నేచర్’లో వచ్చిన పత్రం గొప్ప పని. ఆ జన్యువు ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్ఆర్ 13ఏ రకానిది. దాన్ని రైతుకు చేర్చాలంటే రైతు వదులుకోలేని రకం కావాలి కదా, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మన స్వర్ణనే పట్టుకుంది. రెండు వారాల ముంపుకు ఓర్చే స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. సాంబ మసూరి కథా అలాంటిదే. ఎండాకు తెగులు దాని బలహీనత. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. ఇలాంటి పనుల మీద వచ్చిన పత్రాల్లో స్వర్ణ పేరు, సాంబ మసూరి పేరు పేజీ పేజీకీ కనిపిస్తాయి. వంగడం పేరు రాసినంత మాత్రాన సైటేషన్ డేటాబేస్ దాన్ని లెక్కించదు. తొలి బ్రీడర్ ఖాతాలో ఏమీ పడదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

లెక్కే కావాలంటే లెక్కలు ఉన్నాయి. జగిత్యాల సన్నాలు అనే వరి రకానికి బీపీటీ 5204 ఒక జనకం. అంటే ఒకరి పనిని మరొకరు పొలంలోనే ఉటంకించారన్నమాట. ప్రతి వంగడం వంశావళీ రికార్డుల్లో ఉంటుంది. ఏ రకం బ్రీడర్ విత్తనం ఎన్ని క్వింటాళ్లు కావాలో రాష్ట్రాలు ఏటా ఇండెంట్ పెడతాయి. సైటేషన్ కన్నా ఆ క్వింటాళ్లు నాకు ఎక్కువ చెబుతాయి. వంగడం ఒక్కరి చేతిమీద కాదు, నిజమే. విడుదల ప్రతిపాదనలోనే ఎవరి వాటా ఎంతో రాయించవచ్చు. ఇంకా వంగడం విడుదల కాని యువ బ్రీడర్‌కు అఖిల భారత సమన్వయ పరీక్షల్లో ఉన్న వరుసలను లెక్కించాలి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈసారి నియామక నోటిఫికేషన్ ఇచ్చేముందు ఆ మార్కుల పట్టికను తిరగరాయాలి. వంగడాలకు, వంశావళికి, విత్తన ఇండెంట్‌కు గడులు పెట్టి, పత్రాలకు ఇచ్చినన్ని మార్కులు వాటికీ ఇవ్వాలి.