ఇల్లు మనది, కరెంటు ఎవరిదో!

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళిందని వెనకటికెవరినో ఎద్దేవా చేశారు మనవాళ్ళు. పిల్లి ఏపాటి లెండి! అమెరికా వాళ్ళు ఊరికి బయల్దేరితే ఇంటినే చంకన పెట్టుకెళ్తారు. మంచాలూ, పొయ్యీ, ఫ్రిజ్జూ, స్నానాలగదీ, ఏసీతో సహా అన్నీ అమర్చిన ఆ చక్రాల ఇంటికి ‘ఆర్వీ’ అని ముద్దుపేరు. కొన్ని బస్సులా తమంతట తామే నడుస్తాయి, కొన్నిటిని కారు వెనకాల తగిలించుకుపోతారు. అల్యూమినియం ఒంటితో నిగనిగలాడే ఎయిర్‌స్ట్రీమ్ బండి 1936లోనే రోడ్డెక్కింది. ఈ బళ్ళు రాత్రిళ్ళు ఆగడానికి విడిదులు కావాలి కదా, వాటిని క్యాంపు గ్రౌండులంటారు. 1962లో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో మొదలైన కె.ఓ.ఏ. వంటి సంస్థలు ఆ విడిదులనే పెద్ద వ్యాపారంగా నడుపుతున్నాయి.

ఇప్పుడీ సరదా అక్కడున్న మన పిల్లలకీ అంటుకుంది. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, ఒక ఆర్వీ అద్దెకి తీసుకోవడం, ఇక్కణ్ణించి వెళ్ళిన అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ ఎక్కించుకోవడం, గ్రాండ్ కాన్యనో యెల్లోస్టోనో చూపించుకురావడం! మంచిదే. దారిలో ఎవరి చేతి వంటో తినక్కర్లేదు, పులిహోర మనమే కలుపుకోవచ్చు. పెద్దవాళ్ళకి నడుం వాల్చుకునే వీలుంటుంది.

కానీ ఈ సంబరంలో ఒక్క సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. ఇల్లు మనతో వచ్చింది, మరి కరెంటు?

కరెంటు మనతో రాదు. దిగిన చోటల్లా ఎవరో పాతిన స్తంభం నుంచి తీసుకోవాలి. నడుమెత్తున ఒక ఇనప పెట్టె ఉంటుంది, అందులో సాకెట్లుంటాయి. బండి ఆపడమే తరవాయి, మన అబ్బాయి లావుపాటి తీగ పట్టుకెళ్ళి అందులో గుచ్చేస్తాడు. లోపల లైటు వెలిగిందా, అయిపోయింది!

బియ్యంలో రాళ్ళు ఏరకుండా ఎసట్లో పొయ్యని ఆడవాళ్ళం మనం. పాలు విరిగాయేమోనని వాసన చూడకుండా కాఫీ కలపం. ఆ విడిదికి వెళ్ళగానే దుప్పట్లు దులుపుతాం, కొళాయి నీళ్ళు నోట్లో పోసుకునే ముందు వెలుతురుకి పెట్టి చూస్తాం. అటువంటిది, మొత్తం ఇంటిల్లిపాదినీ ఒక్క క్షణంలో బూడిద చెయ్యగల కరెంటుని మాత్రం ఎవడు బిగించాడో, ఎన్నేళ్ళయిందో, ఇదివరకెవరికి ఏమయిందో అడక్కుండా ఇంట్లోకి పిలిచేస్తామా? ఇదేం మర్యాదండీ!

“అమెరికాలో కూడానా?” అని మీరనబోతున్నారని నాకు తెలుసు. అసలు రోగం ఆ మాటలోనే ఉంది. అమెరికా అనగానే అన్నీ రూలు ప్రకారం ఉంటాయని మనకో గుడ్డి నమ్మకం. రూలు ఉన్నమాట నిజమే. అక్కడి జాతీయ విద్యుత్ నియమావళిలో 551వ అధికరణం ఆర్వీల గురించీ, అవి ఆగే స్థలాల గురించే. కానీ రూలు కాగితం మీద ఉంటుంది, స్తంభం ఎండలో వానలో ఉంటుంది. వారానికి ముగ్గురు నలుగురు గుచ్చి లాగి గుచ్చి లాగి సాకెట్ లోపలి పట్టు వదులైపోతుంది. స్క్రూలు సడలుతాయి, తీగలు తుప్పు పడతాయి. కట్టిన రోజున ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడని ఈ రోజు రాత్రికి భరోసా ఏమిటి?

నవలలు రాసుకునేదానికి ఈ వైర్ల గొడవ ఎందుకంటారా? నేను చదివింది బి.ఏ., ఫిజిక్సు నా ఛాయలకి రాలేదు. అయినా మిక్సీ వాడే ప్రతి ఇల్లాలికీ అర్థమయ్యే విషయమే ఇది, వినండి.

అక్కడి ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, మనకిలా 230 కాదు. విడిది స్తంభంలో ముఖ్యంగా రెండు రకాల సాకెట్లుంటాయి. ఒకటి 30 ఆంపియర్లది. దానికి మూడు కాళ్ళు – ఫేజు, న్యూట్రలు, ఎర్తు. రెండోది 50 ఆంపియర్లది, నాలుగు కాళ్ళు – రెండు ఫేజులు, ఒక న్యూట్రలు, ఒక ఎర్తు. ఆ రెండు ఫేజుల మధ్య 240 వోల్టులుంటాయి, న్యూట్రలు మధ్యవర్తిలా నిలబడి చెరో వైపుకీ 120 చొప్పున పంచుతుంది.

ఈ మధ్యవర్తి తప్పుకున్నాడనుకోండి, ఇక కొంప కొల్లేరే! తీగ తెగినా, వదులైనా రెండు వైపులా వోల్టేజి తలో దారీ పడుతుంది. తక్కువ సామాన్లు నడుస్తున్న వైపు 120 కాస్తా 180, 200 దాకా ఎగబాకవచ్చు, రెండో వైపు అంతకంత పడిపోతుంది. టీవీ, మైక్రోవేవు, ఫ్రిజ్జులోని సర్క్యూటు బోర్డూ చిటికెలో మాడిపోతాయి. ఇది మనకి తెలియని కథేం కాదు. అపార్టుమెంట్లలో న్యూట్రలు పోయి, వరసగా ఇళ్ళల్లో టీవీలూ ఫ్యాన్లూ కాలిపోయాయని వింటూనే ఉంటాంగా!

రెండో దోషం 30 ఆంపియర్ల సాకెట్‌ది. అనుభవం లేని ఎలక్ట్రీషియను దాన్ని చూసి, బట్టలారబెట్టే యంత్రం సాకెట్ అనుకుని 240 వోల్టులు బిగించేస్తాడు. అమెరికాలో ఇది మళ్ళీ మళ్ళీ జరిగే పొరపాటు. 120 తినాల్సిన బండికి 240 మింగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూడోది దొంగదెబ్బ. ఎండాకాలం సాయంత్రం విడిదంతా నిండి అందరూ ఏసీలు వేసేసరికి వోల్టేజి కుంగిపోతుంది. లైటు కాస్త మందగించిందంతే కదా అనుకుంటాం. కానీ ఏసీ కంప్రెసరు తక్కువ వోల్టేజిలో ఎక్కువ కరెంటు లాగి వేడెక్కిపోతుంది, ఆయుష్షు తరిగిపోతుంది.

సామాను పోతే పోయింది, కొనుక్కోవచ్చు. నేనింత గొంతు చించుకుంటున్నది సామాను కోసం కాదు, మనుషుల కోసం.

ఆర్వీ రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంటుంది. అంటే భూమికీ దానికీ సంబంధం లేదు. బండి లోహపు ఒంటిని భూమితో కలిపి ఉంచేది ఆ తీగలోని ఎర్తు ఒక్కటే. ఆ ఎర్తు స్తంభంలో తెగి ఉండి, బండి లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే, ఒళ్ళంతా కరెంటు నిండుతుంది. లోపల కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదు. తీగ మీద వాలిన పిచ్చిక లాగా హాయిగా ఉంటారు. కింద తడి గడ్డి మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది! భూమికీ బండికీ మధ్య తెగిన తీగ స్థానంలో ఇప్పుడు మనిషి నిలబడ్డట్టు.

రోజుకి పాతిక సార్లు అలా ఎక్కి దిగేదెవరో చెప్పండి. బట్టలారేసేది, గిన్నెలు కడిగేది, పిల్లాడి కాళ్ళు కడిగి ఎక్కించేది మనమే. ఉత్త కాళ్ళతో పరుగెత్తుకొచ్చి పిడి పట్టుకునేది మన పసివాళ్ళు.

మా పిన్ని కూతురు వాళ్ళు ఒక విడిదిలో దిగారు. ఊరూ పేరూ మనకెందుకు లెండి. వాళ్ళత్తగారు కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి తలుపు పట్టుకోగానే చెయ్యంతా చీమలు పాకినట్టు జివ్వుమందిట. కొడుకుతో చెప్తే “ఏం లేదమ్మా, స్వెటర్ వల్ల స్టాటిక్” అన్నాడు. ఆఫీసులో అడిగితే “ఇంతవరకూ ఎవరూ కంప్లయింటు చెయ్యలేదే!” అన్నారు. పక్క బండిలోని ముసలి అమెరికను ఒకాయన వచ్చి, జేబులోంచి పెన్నులాంటి టెస్టరు తీసి చాపితే, బండికి జానెడు దూరంలోనే అది కీచుమని మొత్తుకుందట. ఆయన ముందు స్తంభం దగ్గరికి పరుగెత్తి బ్రేకరు దించాడు, తరవాతే మాట్లాడాడు. నా మరిది లాంటి ఇంజనీర్లు నలుగురున్న ఆ బండిలో, నిజం చెప్పింది మాత్రం ఆ పెద్దావిడ చెయ్యి!

‘ఎవరూ కంప్లయింటు చెయ్యలేదు’ అన్న ఆ మాట ఉంది చూశారూ, దాని మీదే నా పోట్లాటంతా. ప్రమాదాన్ని కనిపెట్టే పని అద్దె కట్టినవాళ్ళదా? స్థలానికి రాత్రికింత అని డాలర్లు పుచ్చుకున్నవాళ్ళు, ఈ స్తంభాన్ని ఫలానా తారీఖున పరీక్షించామని ఒక చీటీ అంటించలేరా? బండి అద్దెకిచ్చే వాళ్ళు దుప్పట్లకీ గిన్నెలకీ లెక్క రాస్తారు, చిన్న సొట్ట పడితే ఫొటో తీసి డబ్బు లాగుతారు. పాతిక డాలర్లలోపు దొరికే టెస్టరు పెన్ను ఒకటి సొరుగులో పడెయ్యడానికి ఏమొచ్చింది?

“సర్జ్ ప్రొటెక్టరు ఉందిగా” అంటారు మగవాళ్ళు, ఆ పేరు చెప్పి నోరు మూయించవచ్చని. అన్నీ ఒకటి కాదు మహాశయా! చవక రకం కేవలం పిడుగుపాటు లాంటి హఠాత్తు పోటుని మింగుతుంది, అంతే. న్యూట్రలు పోయినా, వోల్టేజి కుంగినా గుడ్లప్పగించి చూస్తుంది. కొన్ని వందల డాలర్లు పెట్టి కొనే ‘ఇ.ఎం.ఎస్.’ అనే పెట్టె వేరు. అది ముందు స్తంభాన్ని పరీక్షించి, తృప్తిపడితేనే కరెంటుని లోపలికి వదులుతుంది. వోల్టేజి 104కి దిగినా, 132 దాటినా తెంచేసే రకాలున్నాయి. సొంత బండి ఉన్నవాళ్ళు ఇది కొనకపోతే పిసినారితనం కాదు, అవివేకం. అయితే అదీ సర్వరోగ నివారిణి కాదు. కరెంటు తీగని తెంచుతుందే గానీ ఎర్తు తీగ జోలికి పోదు. స్తంభంలో ఎర్తులోకే కరెంటు ఎక్కి ఉంటే ఆ పెట్టె కాపాడలేదు. అందుకే టెస్టరు పెన్ను కూడా ఉండి తీరాలి.

ఇంకో ముచ్చట. అక్కడి స్నానాలగదుల్లో, వంటిళ్ళలో ‘జి.ఎఫ్.సి.ఐ.’ అనే సాకెట్లుంటాయి. అయిదారు మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, ఠక్కున ఆగిపోతాయి. విడిది స్తంభంలో ఆ రక్షణ చిన్న సాకెట్‌కి ఉంటుంది. బండికి తిండిపెట్టే 30, 50 సాకెట్లకి సాధారణంగా ఉండదు! చిన్నదానికి కాపలా పెట్టి పెద్దదాన్ని గాలికొదిలేశారన్నమాట.

అంచేత మనమే నేర్చుకోవాలి. స్తంభం దగ్గర ముందు బ్రేకరు దించాలి. సాకెట్‌లో మాడిన మచ్చలు, కరిగిన ప్లాస్టిక్ ఉంటే ఆ స్థలమే వద్దనాలి. ఇ.ఎం.ఎస్. పెట్టె తగిలించి, బండి తీగ గుచ్చి, ఆ తరవాతే బ్రేకరు ఎత్తాలి. అది పచ్చజెండా ఊపాక, చెప్పులు వేసుకుని పొడి నేల మీద నిలబడి, ఏదీ ముట్టుకోకుండా టెస్టరుని బండి ఒంటి దగ్గరికి చాపాలి. అది మొత్తుకుందా, వెంటనే బ్రేకరు దించి ఆఫీసుకి కబురు పెట్టాలి. ఆ తరవాతే పిల్లల్ని దింపాలి. ఎవరికైనా షాకు కొడుతుంటే మనిషిని లాగబోకూడదు, పరుగెత్తి బ్రేకరు దించాలి. ఆ బ్రేకరు ఎక్కడుందో పదేళ్ళ పిల్లాడికి కూడా చూపించి ఉంచాలి.

వంట లెక్క కూడా ఉంది. 30 ఆంపియర్లంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది, నీళ్ళ హీటరు 12, పప్పు ఉడికే ఇన్‌స్టంట్ పాట్ ఎనిమిది. కలిపితే 34! బ్రేకరు పడిపోక ఏమవుతుంది? పప్పు ఉడికేదాకా హీటరు ఆపండి. ‘50ని 30కి మార్చే’ అడాప్టరు పెడితే కరెంటు పెరుగుతుందనుకోవద్దు. చిన్న గరిటెకి పెద్ద కాడ బిగించినంత మాత్రాన ఎక్కువ పులుసు రాదు.

“ఇవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు” అని తప్పుకోకండి. ఇక్కడ మన ఇళ్ళల్లో మూడు కాళ్ళ ప్లగ్గులో లావుపాటి కాలు విరగ్గొట్టి రెండు కాళ్ళ సాకెట్‌లో దోపింది మగవాళ్ళే, గ్రైండరు ముట్టుకుని షాకు తిన్నది మనం. ఆ లావు కాలే ఎర్తు. మిగతా రెండిటికన్నా ముందు తగిలి, అన్నిటికన్నా చివర విడివడాలని దాన్ని పొడుగ్గా చేశారు. మనిషి ప్రాణానికిచ్చిన ఆ ముందువరస స్థానాన్ని విరిచి పారేసి, ‘పని జరిగిందిగా’ అని చేతులు దులుపుకునే బుద్ధి ఖండాంతరాలు దాటినా మారలేదు.

వచ్చే వేసవిలో మీ అమ్మాయో అబ్బాయో ఫోను చేసి, “అమ్మా, నీకు యెల్లోస్టోన్ చూపిస్తాం, ఆర్వీ బుక్ చేస్తున్నాం” అంటే, ఎలుగుబంట్లుంటాయా అని అడగండి, తప్పులేదు. ఉంటాయి కూడా. కానీ దానికంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి: “ఆ స్తంభాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారుట? టెస్టరు కొన్నావా?” మొదటిదానికి జవాబు రాకపోతే విడిది వాళ్ళకి ఉత్తరం రాయించండి. ఒకరు అడిగితే చాదస్తమంటారు, పదిమంది అడిగితే పద్ధతి మారుస్తారు. రెండోదానికి జవాబు రాకపోతే మాత్రం, కొనేదాకా బండెక్కకండి.