ఆసుపత్రి వాకిట ఎవరి బండికి చోటు?

ఉదయము ఎనిమిది గంటల వేళ చెన్నపట్టణములో ఏ పెద్ద ఆసుపత్రి వాకిట నిలిచి చూచినను కానవచ్చు దృశ్యము ఒక్కటియే. ఆటోలు, కార్లు, మోటారు సైకిళ్లు త్రోవ నిండ నిలిచియుండును. రోగిని దింపి, బండి నెచ్చట నిలుపవలెనో తోచక వీథులు చుట్టువారు కొందఱు. రాత్రి పని ముగించియు బండి వెలికి తీయలేని నర్సు ఒకవైపు, పనివేళ మించుచుండగా లోనికి పోలేని నర్సు మఱియొకవైపు. వీరందఱి వెనుక అంబులెన్సు కూత.

ఇటీవల నెల్లూరు నుండి చికిత్సకై మా యింటికి వచ్చిన వృద్ధ బంధువును ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. లోపల చోటు లేదని కావలివాడు బండిని త్రిప్పివేసెను. తుంటినొప్పితో అడుగు వేయలేని ఆ పెద్దాయన ఫర్లాంగు దూరము కుమారుని భుజముపై వ్రాలి నడచెను. అతనికి డాక్టరు ఈయబోవు మందు కన్న ముందు ఆ నడక తప్పించియుండవలసినది.

ఈ చిక్కునకు మూలము స్పష్టమే. సెంట్రల్ స్టేషను ఎదుటనున్న జనరల్ ఆసుపత్రి 1664లో కోటలో ఆరంభమై, 1772లో నేటి స్థలమునకు వచ్చినది. అనగా మోటారు బండి పుట్టుటకు నూఱేండ్లకు పైగా ముందే ఆ స్థలము ఏర్పడినది. నగరము పెరిగినది, రోగులు పెరిగిరి, బండ్లు అంతకు మించి పెరిగినవి. నేల మాత్రము పెరుగలేదు. దీనికి తోడు, ఉదయము షిఫ్టు మాఱువేళ వెళ్లువారి బండ్లును వచ్చువారి బండ్లును ఒక్కసారి చేరును. బయటి రోగులు చీటీలకై వచ్చునదియు ఆ సమయమే.

చోటు ఉచితమైనచో స్టేషనునకు, అంగడికి పోవువారు తమ బండ్లను పగలెల్ల అక్కడ వదలిపోవుదురు. గంటకు ఇంతయని సుంకము విధించినచో, పది దినములు రోగి మంచము వదలలేని పేదవాడే ఎక్కువ చెల్లించును. కనుక సమస్య చోటు కొఱతది మాత్రమే కాదు. ఉన్న చోటును ఎవరికి ముందుగా ఈయవలెనను న్యాయమునకు సంబంధించినది.

ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులకై 2019 డిసెంబరులో ప్రకటింపబడిన విధానము ఇచ్చట గమనింపదగినది. వికలాంగులకు, తఱచుగా చికిత్సకు రావలసిన రోగులకు, బిడ్డ చెంత రాత్రి గడపు తల్లిదండ్రులకు, రాత్రి షిఫ్టు సిబ్బందికి బండి నిలుపుట ఉచితము చేయ నిర్ణయించిరి. ఆ దేశపు కలిమి మనకు లేకపోవచ్చును. ఆ వరుసక్రమమును పాటించుటకు కలిమి అక్కఱలేదు. రోగిని దింపుటకు కొన్ని నిమిషములు ఉచితము, పడకనున్న రోగి సహాయకునకు చవుక చీటీ, రాత్రి పనికి వచ్చు స్త్రీలకు ద్వారము చెంతనే దీపపు వెలుగులో చోటు, ఇంతమాత్రము ఏ ఆసుపత్రి యైనను చేయగలదు.

చట్టము మౌనముగా లేదు. ఆసుపత్రి ప్రవేశద్వారము చేరువ బండి నిలుపరాదని 1989 నాటి రోడ్డు నియమములలోనే కలదు. అంబులెన్సునకు దారి విడువనివారికి ఆరు నెలల వఱకు కారాగారము గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని 2019 సవరణ చట్టము విధించినది. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చు పక్షవాతమునకు గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటల లోపల పడవలెను. వాకిట పోవు పది నిమిషములు ఆ లెక్కలోనివే.

అధికారులకు చెప్పిన పిమ్మట మనకు మనము చెప్పుకొనవలసిన మాట యొకటి కలదు. నెల్లూరు, చిత్తూరు సీమల నుండి వైద్యమునకు వచ్చు బంధువులకు తరతరములుగా మన యిండ్లే సత్రములు. ఆ ఆదరము మనకు గర్వకారణము. కాని ఒక్క రోగిని చూచుటకు నాలుగు బండ్లలో పదిమంది బయలుదేఱుట ఆదరము కాదు. మన పలుకరింపు బండి నిలిచిన చోటనే మఱియొకరి రోగి దిగవలసియుండవచ్చును. సెంట్రల్ చెంత రైళ్లు గలవు, 2018 నుండి మెట్రోయు కలదు. నడువగలవారు వానిలో పోవుదురు గాక. తప్పక బండిలో పోవలసివచ్చినచో రోగిని దింపి బండిని వెంటనే తరలింతురు గాక.

ఆసుపత్రి వాకిలి నడువలేనివారిది, వారికి సేవ చేయువారిది. నడువగల మనము ఆ రెండడుగుల నేలను వారికి విడిచితిమా, అదియే రోగికి మనము చేయు మొదటి ఉపచారము.