డయాలసిస్‌కు అర్హత రోగమా, రేషన్ కార్డా?

సోమాజిగూడలో కార్పొరేట్ ఆస్పత్రులున్నాయి. కాస్త దూరంలో, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. మూత్రపిండాలు చెడిపోయిన రోగి వీటిలో ఏ గడప తొక్కాలో నిర్ణయించేది మాత్రం అతని చేతిలోని కార్డే.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు జరగాలి. అంటే ఏడాదికి నూట యాభైకి పైగా విడతలు. మూత్రపిండ మార్పిడి జరగకపోతే జీవితాంతం ఇదే పరిస్థితి. విడతలు తప్పితే ఒంట్లో నీరు చేరి, పొటాషియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వేలాది పేద రోగులకు ఊపిరి పోసింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. 2022లో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను కూడా వర్తింపజేశారు. ఇవన్నీ మెచ్చదగినవే. కానీ పట్టణాల్లో ఆహార భద్రతా కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. నెలకు 18 వేలు సంపాదించే కుటుంబం ఆ గీత దాటిపోతుంది. కాగితం మీద పేదది కాని ఆ ఇంటిని కొద్ది నెలల డయాలసిస్ అప్పులపాలు చేస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధి ఉన్నా, అది దయ మీద ఆధారపడినదే తప్ప హక్కు కాదు.

ప్రైవేటు బీమా కొనుక్కోవచ్చు కదా అంటారు. మూత్రపిండాలను దెబ్బతీసే ప్రధాన కారణాలు మధుమేహం, రక్తపోటు. బీమా కంపెనీల దృష్టిలో అవి ముందే ఉన్న జబ్బులు. వాటికి నిరీక్షణ గడువును 2024లో గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. ఎల్లుండి డయాలసిస్ జరగాల్సిన మనిషి మూడేళ్లు ఎలా ఆగగలడు?

కార్డు ఉన్నవారికీ నిశ్చింత లేదు. 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేశాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య తగవు వస్తే నలిగేది రోగే.

ముస్లింలు అధికంగా స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. మన దర్జీకి, ఆటో డ్రైవరుకు, తోపుడుబండి వ్యాపారికి ఇఎస్‌ఐ లేదు, యజమాని కట్టే బీమా లేదు. డయాలసిస్ రోజున సంపాదన కూడా ఉండదు.

ప్రైవేటు బీమాకు పెట్టింది పేరైన అమెరికా సైతం 1972లో చట్టం చేసి, మూత్రపిండాలు విఫలమైనవారిని వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్ కిందికి తెచ్చింది. అక్కడ అర్హతకు ఆధారం రోగమే. తెలంగాణలోనూ నెఫ్రాలజిస్టు ధ్రువపత్రమే డయాలసిస్‌కు అర్హత కావాలని, డయాలసిస్ బిల్లులను మిగతా బకాయిలతో కలపక నెలనెలా చెల్లించాలని మేము కోరుతున్నాం.

మన వంతు బాధ్యతా ఉంది. కార్డులో పేర్లు లేనివారిని మస్జిద్ కమిటీలు గుర్తించి దరఖాస్తు చేయించాలి. జుమా నాడు షుగరు, బీపీ పరీక్షలు జరిపించాలి. పథకం భరించని ఆటో కిరాయికి, కోల్పోయిన కూలికి అర్హులైనవారికి జకాత్ అందాలి. అయితే ప్రభుత్వం చేయాల్సిన పనిని జకాత్ మీదికి నెట్టడానికి మనం ఒప్పుకోకూడదు. చికిత్స పౌరుని హక్కు. దాన్ని అడిగి తీసుకోవాలి.