ఇదెవరి స్థలం?

ఇటలీ మీద తెలుగులో వచ్చే యాత్రావ్యాసాల్లో ఒక మాట దాదాపు ఖాయంగా కనిపిస్తుంది: సౌందర్యస్పృహ వాళ్ళ రక్తంలోనే ఉందని. పైకి అన్నా అనకపోయినా దాని వెనకాలే ఇంకో మాట ఉంటుంది, మనకి లేదని. నేనూ రాశాను ఇలాంటివి. ఐదేళ్ళ క్రితం ఉద్యోగం మీద బొలోన్యాకి వచ్చిన కొత్తలో కిటికీ రెక్కల రంగు గురించీ, ఎనిమిది పలకల మోకా కాఫీ పాత్ర గురించీ, సాయంత్రం పూట చౌకుల్లో చేరే జనం గురించీ ఫేస్‌బుక్‌లో పేజీలు నింపాను. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. వర్ణన పర్వాలేదు, కారణమే తప్పు రాశాను.

కిందటి నవంబరులో నాన్న వచ్చారు. ఆయనకి 68 ఏళ్ళు. విజయవాడలో రోడ్డువార నడుస్తుంటే వెనకనుంచి బైకు తగిలి తుంటి విరిగింది. అప్పట్నుంచీ సాయంత్రం నడక మేడ మీదే, వాటర్ ట్యాంకు చుట్టూ, లెక్కపెట్టుకుని 40 రౌండ్లు. ఇక్కడ నవంబరంటే వాన. వచ్చిన రెండో రోజు ఆ వానలోనే ఆయన్ని బయల్దేరదీశాను. కూరగాయల కొట్టు దాకా వెళ్ళి, కాఫీ తాగి, గంటంబావు తిరిగొచ్చాం. రోడ్డు దాటేటప్పుడు తప్ప గొడుగు విప్పలేదు.

ఎందుకంటే బొలోన్యాలో పాత వీధుల కాలిబాటలు చాలావరకు ఇళ్ళ కిందే ఉంటాయి. పై అంతస్తు ముందుకొచ్చి స్తంభాల మీద నిలబడుతుంది. ఆ స్తంభాలకీ కొట్ల గోడకీ మధ్య జనం నడుస్తారు. పోర్టికో అంటారు. మన ఇళ్ళలో పోర్టికో అంటే కారు పెట్టుకునే చోటు, ఇక్కడ మనుషులు నడిచే చోటు. పాత ఊళ్ళోనే ఇవి 38 కిలోమీటర్లు, అన్నీ కలిపితే 62.

నాన్న ఓ స్తంభం దగ్గర ఆగి అడిగారు.

"ఈ గచ్చంతా ఎవరిదిరా?"

"ఇంటివాళ్ళదే అనుకుంటా నాన్నా."

"వాళ్ళ స్థలంలో ఇంతమంది నడుస్తుంటే ఊరుకుంటారా?"

నా దగ్గర జవాబు లేదు. ఐదేళ్ళుగా వాటి కింద నడుస్తూ, ఫోటోలు తీస్తూ, ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. ఆ రాత్రి కూచుని చదివాను.

పోర్టికోలు పుట్టింది అభిరుచి వల్ల కాదు, ఆక్రమణ వల్ల. 1088లో మొదలైందని చెప్పుకునే ఇక్కడి విశ్వవిద్యాలయానికి దేశదేశాల నుంచి విద్యార్థులొచ్చారు, పల్లెల నుంచి పనివాళ్ళొచ్చారు. ఊరు కిక్కిరిసింది, గదులు చాల్లేదు. ఇంటివాళ్ళు మనవాళ్ళు చేసే పనే చేశారు. పై అంతస్తుని వీధి మీదికి జరిపారు. బరువాగనప్పుడు కింద కర్ర స్తంభాలు ఊతం పెట్టారు.

నగర పాలకులు వాటిని కూలగొట్టలేదు, జరిమానా పుచ్చుకుని వదిలేయనూ లేదు. 1288లో ఒక శాసనం చేశారు. కొత్తగా ఇల్లు కడితే పోర్టికో ఉండితీరాలి, లేని పాత ఇళ్ళకీ కట్టించాలి. ఎత్తు ఏడు బొలోన్యా అడుగులు, అంటే ఇప్పటి లెక్కలో 2.66 మీటర్లు, గుర్రం మీద మనిషి వెళ్ళగలిగేంత. కట్టేదీ మరమ్మతు చేయించేదీ ఇంటివాడు, నడిచే హక్కు అందరిదీ. ఉద్యోగరీత్యా నేను చూసిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లలో ఇంత స్పష్టమైనది లేదు. కొలత ఉంది, ఖర్చెవరిదో ఉంది, వాడుకునేదెవరో ఉంది. ఈ షరతుల్లో అందం ఊసే లేదు.

మన సంగతికొద్దాం. అనుమతి లేని కట్టడాలకి డబ్బు కట్టి క్రమబద్ధీకరించుకునే పథకాలు ఉమ్మడి రాష్ట్రంలోనూ వచ్చాయి, 2015లో తెలంగాణలోనూ వచ్చింది. ఆక్రమించినవాడు కడతాడు, ప్రభుత్వం పుచ్చుకుంటుంది. ఈ బేరంలో నడిచేవాడి ఊసెక్కడ? మెట్లు, ర్యాంపు, జనరేటరు, వాచ్‌మన్ గది, అన్నీ కాలిబాట మీదే ఉంటాయి, ఫీజు కట్టాక కూడా. ఆక్రమణ రెండుచోట్లా ఉంది. దానికి బదులుగా ఏం అడిగారన్నదే తేడా.

ఇక రక్తం సిద్ధాంతం. 2021 జులైలో యునెస్కో ఒకే సమావేశంలో, మూడు రోజుల తేడాతో, రామప్ప గుడినీ బొలోన్యా పోర్టికోలనీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రామప్ప 1213 నాటిది, బొలోన్యా శాసనానికి 75 ఏళ్ళ ముందుది. ఆ నల్లరాతి మదనికల్ని చెక్కినవాళ్ళకి సౌందర్యస్పృహ లేదని ఎవరైనా అనగలరా? అది గుడి ప్రాకారం దాటి వీధిలోకి ఎందుకు రాలేదో మాట్లాడుకోవాలి. వీధికి శిల్పులు అక్కర్లేదు. కొలబద్ద పట్టుకునే గుమాస్తా కావాలి, తప్పించుకోలేని నిబంధన కావాలి.

మనకీ అరుగులుండేవి కదా అని ఎవరో అంటారు. ఉండేవి. కానీ ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో కులం చెప్పేది. ఇంటాయన దయ మీద నడిచేదాన్ని హక్కు అనలేం. అరుగుల మీద బెంగ పెట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదంతా పాత రాళ్ళ మహిమ అనుకునేవాళ్ళు ఊరి పడమటి వైపు బార్కా పేటకి వెళ్ళాలి. అక్కడ 1957-62 మధ్య జ్యుసెప్పె వక్కారో నమూనాతో కట్టిన ప్రభుత్వ గృహసముదాయం ఉంది. చాలా పొడుగ్గా ఉంటుందని 'రైలు' అని పిలుస్తారు. దాని కింద కూడా పోర్టికో, కొట్లు. యునెస్కో జాబితాలో అదీ ఉంది. నాన్నకి అన్నిటికంటే అదే నచ్చింది, "మన హౌసింగ్ బోర్డు కాలనీలా ఉందిరా" అని.

ఇంతా చెప్పి బొలోన్యాని స్వర్గం చేస్తే నేనూ పాత పాటే పాడినట్టు. పోర్టికోల గోడల నిండా స్ప్రే రాతలు, ఆదివారం పొద్దున ఉచ్చ కంపు. అసలు సమస్య పై అంతస్తుల్లో ఉంది. 1973లో పియెర్ లుయిజీ చెర్వెల్లాతి లాంటివాళ్ళు ప్రభుత్వ గృహనిర్మాణ నిధులతో పాతబస్తీ ఇళ్ళని బాగుచేయించి, వాటిల్లో ఉన్న మామూలు జనాన్ని అక్కడే ఉంచాలని పథకం వేశారు. భవనాలతో పాటు మనుషుల్నీ కాపాడాలన్న ఆ ఆలోచనకి ప్రపంచమంతా పేరొచ్చింది. ఇవాళ అదే పాతబస్తీలో ఎన్నో గదులు పర్యాటకులకి రాత్రుల లెక్కన పోతున్నాయి. 2023 మే నెలలో అద్దెలు భరించలేక విద్యార్థులు విశ్వవిద్యాలయాల ముందు గుడారాలు వేసుకున్నారు. మిలాన్‌లో మొదలై మిగతా ఊళ్ళకీ పాకింది.

నాకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఫోన్లో పేరు చెప్పగానే ఖాళీ లేదన్నవాళ్ళలో ఒకాయన, జీతం ఎంతో చెప్పగానే మెత్తబడ్డాడు. ఆ ఇంటికి నాకంటే ముందు ఏ నర్సో, ఏ విద్యార్థో అడిగి ఉంటారు. నేను ఆస్వాదించే నగర జీవితంలో ఇది కూడా ఒక భాగం. పోర్టికో కింద నడవడానికి ఉన్న హక్కు, దాని పైన ఉండటానికి లేదు. అక్కడ ఇంకా 1288 రాలేదు.

అందుకే ఇటలీ గురించి రాసేవాళ్ళకి నా మనవి. కిటికీ రంగు గురించి రాయండి, తప్పేం లేదు. ఆ రంగు వేయించే ఖర్చెవరిదో, మార్చాలంటే ఎవర్నడగాలో, ఆ కిటికీ వెనక అద్దె ఎంతో కూడా రాయండి. అవి లేని మెచ్చుకోలు, చదివేవాడికి తన ఊరి మీద చిరాకు తప్ప మరేమీ ఇవ్వదు.

నాన్న జనవరిలో వెళ్ళిపోయారు. మళ్ళీ మేడ మీద 40 రౌండ్లు. మొన్న ఫోన్ చేసి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో గేటు ముందు కాలిబాట మీద పోసిన ర్యాంపు సంగతి ఎత్తానన్నారు. తీయించడానికి ఎవరూ ఒప్పుకోలేదట. పైగా సెక్రటరీగారు పాత మినిట్స్ పుస్తకం తెచ్చి చూపించారట. ఆ ర్యాంపు పోయించాలన్న తీర్మానం కింద నాన్న సంతకం కూడా ఉంది.

"పైనెలలో మళ్ళీ అడుగుతాలేరా" అన్నారు.