వర్తించేవన్నీ గుర్తించండి

సైన్సు విద్యార్థి నర్సుల పరీక్ష గురించి రాయడమేమిటని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. మనందరి చదువులోనూ ఉన్న ఒక జబ్బు ఆ పరీక్ష దగ్గర బయటపడుతోంది గనుకనే రాస్తున్నాను.

అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే మన నర్సింగు పట్టా ఒక్కటే చాలదు. ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష నెగ్గాలి. 1994 నుంచి అది కంప్యూటరు మీద జరుగుతోంది. మనం ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో యంత్రమే నిర్ణయిస్తుంది. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. 2023 ఏప్రిల్ 1న వచ్చిన కొత్త పద్ధతిలో తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, అయిదు గంటల సమయం. రుసుము 200 డాలర్లు, అమెరికా బయట రాసేవారికి పైన మరో 150. మా బోటి ఇళ్లలో అది దాళ్వా ధాన్యం అమ్మిన డబ్బు.

మా పెదనాన్నగారి అమ్మాయి ఆ డబ్బుతోనే పరీక్షకు కూర్చుంది. 'వచ్చే ప్రశ్నలు ఇవే' అంటూ ఒక శిక్షణ కేంద్రంవాళ్లు కాగితాల కట్ట అమ్మారు. అక్క అదంతా కంఠతా పట్టింది. అందులోది ఒక్కటీ రాలేదు. ఎలా వస్తుందండీ? అక్కడ ఏ ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం ఉండదాయె! తప్పినవాళ్లు 45 రోజులు ఆగి మళ్లీ డబ్బు కట్టాలి. ఇప్పుడు అక్క రెండోసారికి చదువుతోంది. సాయంత్రాలు నేనూ పక్కన కూర్చుంటున్నాను.

ఆ ప్రశ్నల తీరు చూడండి. 'వర్తించేవన్నీ గుర్తించండి' అని ఒక రకం. అయిదారు జవాబులిస్తారు. అందులో సరైనవి రెండో, నాలుగో, అన్నీనో చెప్పరు. 2023కు ముందు ఒక్కటి తప్పినా సున్నాయే. ఇప్పుడు సరైనదానికి ఒక మార్కు కలిపి, తప్పుదానికి ఒకటి తీసేస్తారు. కనుక గుడ్డిగా అన్నీ గీకితే లాభం లేదు. దీనికి మందు ఒక్కటే. ఒక జవాబును ఇంకోదానితో పోల్చకుండా, దేనికది 'ఇది నిజమా, కాదా' అని విడిగా తేల్చుకోవాలి.

ఇంకో రకం, నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు అన్నది. ఒకాయన నొప్పని కేకలు వేస్తుంటాడు. తుంటి ఆపరేషనయిన పెద్దావిడ ఉన్నట్టుండి ఆయాసపడుతూ, మాట రాక చూస్తుంటుంది. మనసు కేకల వైపే లాగుతుంది. కానీ అరిచేవాడికి ఊపిరి ఉంది. ఆవిడకు అదే అందడం లేదు, రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ఉండవచ్చు. ముందు వెళ్లవలసింది ఆవిడ దగ్గరికే.

కొత్తగా చేర్చిన రకంలో ఒకే రోగి కథ మీద వరసగా ఆరు ప్రశ్నలు వస్తాయి. లక్షణం గుర్తించడం, దాని అర్థం తెలుసుకోవడం, కారణాల్లో ముఖ్యమైనదేదో తేల్చడం, ఉపాయాలు ఆలోచించడం, పని చేయడం, ఫలితం చూసుకోవడం.

ఇవి చదువుతుంటే నాకు మా నాన్నే గుర్తొచ్చారు. సార్వా చేలో ఆకు పసుపెక్కితే ఆయన వెంటనే యూరియా చల్లరు. ముదురాకు ముందు పండిందా, తుప్పు మచ్చలున్నాయా అని చూస్తారు. దుబ్బు విడదీసి మొదట్లో సుడిదోమ ఉందేమో చూస్తారు. దోముంటే నీరు తీసేస్తారు, మందు కొడతారు, నాలుగు రోజులకు మళ్లీ చేలో దిగుతారు. ఆరు మెట్లూ అయ్యాయి కదా! ఏ గైడూ చదవని రైతుకున్న ఈ ఆలోచన, పదిహేనేళ్లు చదివిన మనకు ఎందుకు లేకుండా పోతోంది? అయిదు ముఖ్య ప్రశ్నలు బట్టీపట్టి గట్టెక్కడం అలవాటైపోయింది గనుక.

ఇంగ్లీషు అడ్డమన్న మాట నిజమే. 'ఈ రోగికి ఇంకా బోధించాలని ఏ మాట వల్ల తెలుస్తుంది' అని అడిగితే వెతకాల్సింది తప్పు మాటని. అక్క మొదట ఒప్పు మాటనే గుర్తించేది. ఇప్పుడు ప్రశ్నను ముందు తెలుగులో తనకు తాను చెప్పుకుని, ఆ తర్వాతే జవాబులు చూస్తోంది. రోజుకు పదే ప్రశ్నలు. కానీ ప్రతి తప్పు జవాబూ ఎందుకు తప్పో ఒక వాక్యం రాస్తుంది. వంద ప్రశ్నలు గబగబా చేయడం కంటే ఇదే మేలు.

నర్సులంతా విదేశాలకు పోతే మన ఆస్పత్రుల గతేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లను నిలుపుకోవాలంటే జీతం, గౌరవం ఇక్కడ పెరగాలి. అంతేగాని ఆలోచన నేర్వడం మానుకోమనడం పరిష్కారం కాదు. మాట రాక ఆయాసపడే పెద్దావిడ రాజమండ్రి వార్డులోనూ ఉంటుంది.

అధ్యాపకులకు నాదొక మనవి. ప్రతి ఇంటర్నల్ పరీక్షలోనూ పుస్తకంలో లేని ప్రశ్న ఒక్కటైనా ఇవ్వండి. మొదట మేం గొణుగుతాం. మార్కులూ తగ్గుతాయి. అయినా ఇవ్వండి. ఆ తడబాటు ఇక్కడ తరగతిలోనే అయిపోతే, రేపు ఏ రైతూ దాళ్వా డబ్బు రెండుసార్లు కట్టనక్కరలేదు.