చూశాకే సంతకం

కొత్త బీరువా ఇంటికి వచ్చే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ట్రాలీ ఆటో వీధి మలుపు తిరగగానే పిల్లలు ఎదురు పరుగెత్తుతారు. ఇద్దరు కుర్రాళ్లు దాన్ని దించి, గోడకు చేర్చి, చెమట తుడుచుకుంటూ ఒక కాగితం చాపుతారు. "ఇక్కడ సంతకం పెట్టండి, ఇంకా మూడిళ్లకు వెళ్లాలి" అంటారు. మనం పెట్టేస్తాం. ఆ కాగితం మీద ఏం రాసి ఉందో ఎంతమందిమి చదివాం?

అలాంటి చలానాల మీద చిన్న అక్షరాల్లో తరచూ కనిపించే మాట, "వస్తువు మంచి స్థితిలో అందింది" అని. మర్నాడు మనం ఫిర్యాదు చేస్తే దుకాణదారు వేలు పెట్టి చూపించేది దాన్నే. చదువుకోవాలని ఈ పుస్తకం తెరిచిన మీతో నేను గట్టిగా చెప్పదలచింది ఒకటుంది. సంతకం చేయడం వచ్చినవారికి, చదివి చూసుకునేదాకా చేయకుండా ఆగడం కూడా రావాలి.

నేనే ఆగలేదు. కొన్నేళ్ల కిందట మేము ఒక చెక్క బీరువా కొన్నాం. అట్టలు, ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చారు. కుర్రాళ్లకు మంచినీళ్లిచ్చి, సంతకం పెట్టి పంపించాను. సాయంత్రం కవరు విప్పితే ఎడమ తలుపు అడుగున జానెడు పగులు. వెనక పలక ఊడి ఉంది. ఫోను చేస్తే, "మీరు జరిపేటప్పుడు తగిలి ఉంటుంది. సంతకం పెట్టారుగా!" అన్నాడు దుకాణదారు. పాఠాలు రాసే మనిషిని, నాలుగు వాక్యాల కాగితం చదవలేదు.

అయితే దుకాణదారు మాటే చట్టం కాదు. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. ముందుగా చూడని వస్తువును పరిశీలించడానికి తగిన అవకాశం దొరికేదాకా, కొన్నవారు దాన్ని అంగీకరించినట్టు కాదని ఆ చట్టం చెబుతుంది. అట్టలు చుట్టిన వస్తువును వాకిట్లో నిలబడి ఏం పరిశీలిస్తాం? ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది. సరైన కారణంతో వస్తువు వద్దన్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, దాన్ని దుకాణానికి మోసుకుపోవలసిన బాధ్యత మనది కాదు. వద్దంటున్నామని తెలియజేస్తే చాలు. "ఆటో మాట్లాడుకుని మీరే పట్టుకురండి" అనేవారికి ఈ మాట చెప్పండి.

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాం" అంటే మనం సంతోషంగా తల ఊపుతాం. అక్కడ మిగిలే కొద్ది డబ్బుకు మన చేతిలోని ఆధారాన్ని అమ్ముకుంటున్నామని నా అభిప్రాయం. బతుకుతెరువు కోసం కుట్టుమిషను బల్లో, టీకొట్టుకు కుర్చీలో కొన్నవారు కూడా, స్వయం ఉపాధికే అయితే, వినియోగదారులే.

కాబట్టి కవరు విప్పించండి. తలుపులు తెరిచి మూయండి, సొరుగులు లాగండి, వెనక్కి వెళ్లి చూడండి. లోపం కనిపిస్తే చలానా మీదే రాయండి: "ఎడమ తలుపు పగిలి ఉంది. వెనక పలక ఊడింది." తేదీ, సమయం వేయండి. విప్పడానికి వాళ్లకు తీరిక లేదంటే, "విప్పి చూడలేదు" అని రాసి సంతకం పెట్టండి. బండి కదలకముందే ఫోటో తీయండి. ఆ కుర్రాళ్లతో మాత్రం తగవు పడకండి. వాళ్లది కూలి బతుకు, మన లెక్క దుకాణంతో. అలాగే, మన చేతుల్లో పగిలినదాన్ని దుకాణం మీదికి నెట్టడం కూడా తగదు.

ఫోనులో తిట్టుకోవడం వల్ల ఆధారం మిగలదు. అదే రోజు ఉత్తరం రాయండి. కొన్న తేదీ, బిల్లు నంబరు, లోపం, మీకు కావలసింది మార్పిడో, మరమ్మతో, డబ్బు వాపసో స్పష్టంగా ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే చోటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ధర 5 లక్షల దాకా ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది గాని, చాలా కేసులు అంతకు మించి సాగుతాయి. మొదటి రోజు చలానా మీద రాసిన రెండు వాక్యాలకు అందుకే అంత విలువ.

నేను రాసిన ఉత్తరానికి పన్నెండో రోజున కొత్త తలుపు తెచ్చి బిగించారు. రంగు కాస్త తేడాగా ఉంది. చలానా మీద ఆ సంగతి రాసి, అప్పుడు సంతకం పెట్టాను.